ఓ తుప్పు ఫ్రేమ్ ఏ కంపెనీదో, ఏ మోడలో తేల్చుకోడానికి 11 వారాలు పట్టింది

2024 మార్చి 2, శనివారం. మేముండేది ఇంగ్లండ్‌లో, వెస్ట్ యార్క్‌షైర్‌లోని సిల్స్‌డెన్ దగ్గర. మా వీధి చివర ఉండే పెద్దాయన చనిపోయిన తమ్ముడి షెడ్డు ఖాళీ చేస్తున్నాడు, నేను చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. గోడకి ఆనించి ఒక బండి ఫ్రేమ్ ఉంది. మన మెకానిక్కులు ఛాసిస్ అంటారే, అది. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఒకటి వేలాడుతోంది, అంతకుమించి ఏమీ లేదు. నల్ల స్ప్రే పెయింట్ కొట్టి ఉంది, పెచ్చులు లేచిన చోట తుప్పు. "ఇది ట్రయల్స్ బండిది, గ్రీవ్స్ అనుకుంటా" అన్నాడాయన. గ్రీవ్స్ ఒక పాత ఇంగ్లిష్ బళ్ళ కంపెనీ. ట్రయల్స్ అంటే వేగం పోటీ కాదు, రాళ్ళ మీదా వాగుల్లోనూ కాలు కింద పెట్టకుండా బండి నడపడం. ఈ ప్రాంతంలో దాని పిచ్చి బాగా ఎక్కువ. 100 పౌండ్లు అడిగాడు, 85కి ఇచ్చాడు.

ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాను. ఒక కాగితం మీద తేదీ, ధర, ఎవరి వస్తువు, ఎవరికి అమ్మారు అని రాయించి సంతకం పెట్టించుకున్నాను. అప్పుడది అతి జాగ్రత్తగా అనిపించింది కానీ తర్వాత ఆ కాగితమే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టించింది.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ ఒకసారి చుట్టూ తిరిగి చూసింది. "ఏమండీ, ఇంజిన్ లేదు, చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు. మరి కొన్నదేంటి?" తొమ్మిది వేల రూపాయలని ఆవిడే లెక్క కూడా కట్టింది.

మర్నాడు ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేశాను. మా నాన్న తెనాలిలో ఇరవై రెండేళ్ళు బుల్లెట్ నడిపిన మనిషి. ఫోన్‌లో చూసి "ఒరేయ్, అది మన బుల్లెట్టేరా, ఎన్‌ఫీల్డ్‌ది" అనేశాడు. నాకూ లోపల అదే ఆశ. 50ల్లో ఇంగ్లండ్‌లో జానీ బ్రిటన్ అనే రైడర్ 350 బుల్లెట్ మీదే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ రెండుసార్లు, 1952లోనూ 1957లోనూ గెలిచాడు, కాబట్టి ట్రయల్స్ ఎన్‌ఫీల్డ్ ఇక్కడి షెడ్డులో దొరకడం వింతేమీ కాదు. తెనాలి బుల్లెట్‌కి యార్క్‌షైర్‌లో అన్న దొరికాడని ఒక పూటంతా ఊహించుకున్నాను.

ఆ ఊహ మధ్యాహ్నానికి పోయింది. బుల్లెట్ ఫ్రేమ్‌లో ఇంజిన్ కింద పైపు ఉండదు, ముందు పైపుకీ వెనక భాగానికీ మధ్య ఇంజినే వంతెనలా బిగిసి ఉంటుంది. నా దగ్గరున్న దానికి ఇంజిన్ కింద నుంచి పైపులు వెళ్తున్నాయి. "మరి ఎవడైనా వెల్డింగ్ చేశాడేమో" అన్నాడు నాన్న, అంత తేలిగ్గా వదిలే రకం కాదు. గ్రీవ్స్ సంగతి ఇంకా తొందరగా తేలింది. గ్రీవ్స్ ట్రయల్స్ బళ్ళకి ముందు పైపు బదులు పోత పోసిన అల్యూమినియం దూలం ఉంటుంది, ఎసెక్స్‌లోని థండర్స్లీ ఫ్యాక్టరీకి అదే గుర్తు. పైపు ముందుభాగం కలిగిన గ్రీవ్స్ మోడల్ కూడా ఒకటి చివర్లో వచ్చింది కానీ అది అరుదు. ఫ్రిజ్ మీద ఉన్న తిరుపతి మాగ్నెట్ తీసుకెళ్ళి ముందు పైపుకి పెడితే టక్కున అంటుకుంది. ఇనుమే.

సరే, ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్ చూస్తే పోలేదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. హ్యాండిల్ తిరిగే గొట్టం మీద, అదే కోన్‌సెట్ కప్పులు కూర్చునే చోట, రెండు పక్కలా వెతికితే ఏమీ లేదు. నున్నగా ఉంది. మార్చి 9, 10 రెండు రోజులూ పెయింట్ రిమూవర్‌తో గడిచాయి, డబ్బా 14 పౌండ్లు. ఇప్పుడు షాపుల్లో మామూలు జనానికి అమ్మే రిమూవర్‌లో పాత ఘాటు మందు ఉండదు, దాన్ని నిషేధించారు, అందుకే మూడు పూతలు పూస్తే గానీ నల్ల రంగు లేవలేదు. దాని కింద నీలం, నీలం కింద ఏదో బూడిద రంగు. రంగుని బట్టి కంపెనీ చెప్పేద్దామని ఒక సాయంత్రమంతా పాత ఫోటోలు చూశాను, శుద్ధ దండగ. యాభై ఏళ్ళలో ఎంతమంది చేతులు మారి ఎవడికి నచ్చిన రంగు వాడు కొట్టాడో.

ఆ రెండో రోజే ఇంకోటి జరిగింది. స్వింగ్ ఆర్మ్‌ని నిలబెట్టి పడుకున్నాను, పొద్దున లేచేసరికి గ్యారేజీలో పరిచిన పాత కార్పెట్ మీద నల్లటి చిక్కటి నూనె మడుగు. ఇంజినే లేని బండికి నూనె ఎక్కడిది? చూస్తే ఆర్మ్ గొట్టం మీద చిన్న మరబిళ్ళ (స్క్రూ మూత) ఉంది, దాని సందులోంచి కారుతోంది. తుడిచేసి మర్చిపోయాను. ఆ నూనే పెద్ద సాక్ష్యమని నాకు నెల రోజుల తర్వాత గానీ తెలియలేదు.

ఇక మరల సంగతి, అంటే బోల్టు మీది థ్రెడ్ల సంగతి. ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, నేను వారం రోజులు తప్పు దారిలో పోయింది ఇక్కడే.

పాత బ్రిటిష్ బళ్ళ బోల్టులు అంగుళాల లెక్క, యూరప్‌వీ జపాన్‌వీ మిల్లీమీటర్ల లెక్క. కాబట్టి మర ఏ లెక్కదో తెలిస్తే సగం కంపెనీలు కొట్టేయొచ్చు. 11 పౌండ్లు పెట్టి థ్రెడ్ గేజ్ కొన్నాను, దువ్వెన పళ్ళలాంటి రేకుల కట్ట అది, 18 పౌండ్లకి లావు కొలిచే వెర్నియర్ కూడా. మార్చి 16న మడ్‌గార్డ్ లగ్గులో (బోల్టు బిగించడానికి ఫ్రేమ్‌కి అతికిన చెవి లాంటి ముక్క) ఇరుక్కున్న చిన్న బోల్టు ఒకటి ఊడబీకి గేజ్ పెట్టాను. అంగుళానికి 26 మరల రేకు చక్కగా కూర్చుంది. 26 అంటే పాత బ్రిటిష్ సైకిల్ మర. ఇంకేం, బ్రిటిష్ బండి! కాటన్ అనుకున్నాను, డాట్ అనుకున్నాను, జేమ్స్ అనుకున్నాను. పాల షాపులో ఒకాయన "ఈ చుట్టుపక్కల దొరికిందంటే డేల్స్‌మన్ అయ్యుంటుంది, ఆట్లీలో తయారుచేసేవారు" అన్నాడు. ఆట్లీ మాకు అరగంట కారు ప్రయాణం. లోకల్ బండి అనగానే ఎన్‌ఫీల్డ్ పోయిన బాధ కూడా తీరిపోయింది. వారమంతా ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి డేల్స్‌మన్ ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. పైగా ఆ రోజుల్లో ఇక్కడ చిన్న కంపెనీలు కొనుగోలు పన్ను తప్పించుకోడానికి బళ్ళని విడిభాగాల కిట్లుగా అమ్మేవి, కొన్నవాడు ఇంట్లో బిగించుకునేవాడు. అలాంటి బండికి నంబర్ లేకపోయినా ఆశ్చర్యం లేదనుకున్నాను. మనం నమ్మాలనుకున్న దానికి సాక్ష్యాలు భలే వచ్చి పడతాయి.

మార్చి 23న ఎందుకో ఇంకోసారి కొలిచాను. ఆ చిన్న బోల్టు లావు 5.9 మిల్లీమీటర్లు. 26 మరల మామూలు బ్రిటిష్ బోల్టు అయితే పావు అంగుళం, అంటే 6.35 ఉండాలి. తుప్పు తిన్నదేమో అనుకున్నాను ముందు. తర్వాత లెక్క కట్టాను. అంగుళానికి 26 మరలంటే మరకీ మరకీ దూరం 0.977 మిల్లీమీటర్లు. మామూలు 6 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకి ఆ దూరం సరిగ్గా 1. ఈ రెండిటి తేడా అరంగుళం తుప్పు బోల్టు మీద ఏ గేజూ పట్టుకోలేదు, రెండు రేకులూ ఒకేలా కూర్చుంటాయి! లావు చూడకుండా దూరం ఒక్కటే చూసి వారం రోజులు బ్రిటన్ అంతా తిరిగాను.

అప్పుడు పెద్ద లగ్గు ఒకటి పట్టుకున్నాను. ఇక్కడ తిరకాసు ఇంకోలా ఉంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకీ బ్రిటిష్ 5/16 అంగుళం బోల్టుకీ లావు దాదాపు ఒకటే, 7.94. అక్కడ లావు ఏమీ చెప్పదు, మరల దూరమే చెప్పాలి. మెట్రిక్‌లో 1.25, బ్రిటిష్‌లో అంగుళానికి 22 అయినా 26 అయినా దాని దగ్గరికి రావు. ఇంకో మాట, ఊడొచ్చిన బోల్టుని కాదు నమ్మాల్సింది, బోల్టు ఎవడైనా ఎప్పుడైనా మార్చి ఉంటాడు. ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేసిన లగ్గు లోపలి మరని నమ్మాలి. హార్డ్‌వేర్ షాపులో కొత్త 8 మిల్లీమీటర్ల బోల్టు కొని, లగ్గు శుభ్రం చేసి నూనె చుక్క వేసి వేళ్ళతో తిప్పితే చివరిదాకా వెన్నలోకి పోయినట్టు పోయింది. మిగతా మూడు లగ్గుల్లోనూ అంతే. బ్రిటన్ అంతా ఆ సాయంత్రం ఒక్క దెబ్బకి పోయింది. డేల్స్‌మన్‌కి మాత్రం కొన ఊపిరి మిగిలింది, ఎందుకంటే వాళ్ళు ఆస్ట్రియా పుక్ ఇంజిన్లు వాడారు, ఆ ఇంజిన్ బోల్టులు ఎటూ మిల్లీమీటర్లే.

తర్వాత రెండు వారాలు ఆఫీసు పని, పిల్లకి జ్వరం. ఏప్రిల్ 9 ఉగాది నాడు నాన్నకి ఫోన్ చేస్తే శుభాకాంక్షలు చెప్పకముందే "ఏమైందిరా ఆ బుల్లెట్టు?" అన్నాడు.

ఏప్రిల్ 14 ఆదివారం, మాకు పావుగంట దూరంలో ఒక కొండ పొలంలో పాత బళ్ళ ట్రయల్ ఉందని తెలిసి ఫ్రేమ్‌ని కారు వెనక సీటు మడిచి ఎక్కించాను. ముందు సీటు దాకా వచ్చింది, పిల్ల దాని పైపుల మధ్య నుంచి తల పెట్టి కూర్చుంది. నాకు లోపల కాస్త బెరుకుగానే ఉంది. అందరూ అరవై దాటిన తెల్లవాళ్ళు, బురద బూట్లు, ఎవరి వ్యాను దగ్గర వాళ్ళు టీ తాగుతున్నారు, నేనేమో అక్కడున్న ఒకే ఒక్క ఇండియన్ని, చేతిలో ఇంజిన్ లేని బండి. కానీ ఫ్రేమ్ గడ్డి మీద పెట్టానో లేదో నలుగురు పోగయ్యారు. పలకరింపు లేదు, పేరు అడగలేదు, సూటిగా వంగి ఫ్రేమ్‌ని తడమడం మొదలెట్టారు. అది చూసి బెరుకు పోయింది. పాత బండి చూస్తే తెనాలి గాంధీచౌక్‌లో మనవాళ్ళూ అంతే కదా.

అందులో ఒకాయన ముందు ఎడమవైపు కింద ఉన్న చిన్న గొట్టం ముక్క చూపించాడు. నేను దాన్ని ఆరు వారాలుగా చూస్తున్నాను, ఏమిటో తెలియదు. అది బ్రేక్ పెడల్ తిరిగే చోటట. వెనక బ్రేకు ఎడమ కాలికి అంటే గేరు కుడి కాలికి. యమహా టీవై, హోండా టీఎల్ లాంటి జపాన్ ట్రయల్స్ బళ్ళకి గేరు ఎడమ, బ్రేకు కుడి. కాబట్టి జపాన్ కాదు. మర మెట్రిక్ అని నేను చెప్పాను కాబట్టి బ్రిటన్ కాదు. "ఇక మిగిలింది బార్సిలోనాయే" అని నవ్వాడు. బుల్టాకో, మాంటెసా, ఒస్సా, మూడు కంపెనీలూ అక్కడివే. (మన పాత బుల్లెట్‌కీ గేరు కుడికాలికే, బ్రేకు ఎడమకే. ఈ ముక్క నాన్నకి చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.)

ఆ తర్వాత ఆయన స్వింగ్ ఆర్మ్ మీది మరబిళ్ళ చూసి, దీంట్లోంచి నూనె కారిందా అని అడిగాడు. నేను నోరు తెరిచాను. బుల్టాకో వాళ్ళ ట్రయల్స్ మోడల్ షెర్పాకి గొలుసు తడపడానికి కావలసిన నూనె ఆ ఆర్మ్ గొట్టంలోనే పోసి పెడతారట! నా కార్పెట్ మీద కారింది ఎవరో నలభై యాభై ఏళ్ళ కింద పోసిన చెయిన్ ఆయిల్. ఇంకొకాయన తన షెర్పాని తోసుకొచ్చి పక్కన పెట్టాడు, ఇద్దరం చెరో పక్కా కూర్చుని వెర్నియర్‌తో ఇంజిన్ లగ్గుల దూరాలు, ఆర్మ్ వెడల్పు పోల్చాం. ఒక్కొక్కటీ కలుస్తుంటే గుండె దడదడ కొట్టుకుంది. పరీక్ష ఫలితాలప్పుడు కూడా నాకంత టెన్షన్ లేదు.

ఈ షెర్పాని 1964లో బుల్టాకో కోసం తీర్చిదిద్దింది సామీ మిల్లర్ అనే ట్రయల్స్ రైడర్, మరుసటి ఏడే దాని మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. అది నేను చదివాను. కానీ 1975లో మొట్టమొదటి ప్రపంచ ట్రయల్స్ ఛాంపియన్‌షిప్‌ని బుల్టాకో మీద గెలిచిన మార్టిన్ లాంప్‌కిన్ ది సిల్స్‌డెన్ అని అక్కడ వాళ్ళు చెప్తే గానీ తెలియలేదు. నేను మూడేళ్ళుగా పాలూ బ్రెడ్డూ కొనుక్కునే ఊరు! గూగుల్లో బార్సిలోనా, ఆట్లీ, థండర్స్లీ అన్నీ వెతికాను, ఉన్న ఊరి గురించి ఒక్కసారి వెతకలేదు.

"నంబర్ ఏది?" అన్నారు అందరూ. లేదన్నాను. ఒక్క క్షణం అందరూ ఊరుకున్నారు. నంబర్ లేని ఫ్రేమ్ అంటే అరగదీశారేమో, అంటే దొంగ బండేమో, ఎవరూ పైకి అనలేదు గానీ నాకు అర్థమైంది. నేను వీసా మీదున్నవాణ్ణి. రాత్రి ఆ రసీదు కాగితం తీసి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టి పడుకున్నాను. అయితే వెళ్ళేముందు ఆ మొదటాయన హ్యాండిల్ తిరిగే గొట్టం మీద గోరుతో గీకి, "ఇది ఇనుము కాదు, లప్పం. గ్రైండర్ మాత్రం దగ్గరికి రానివ్వకు" అన్నాడు. అంత నున్నగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఎవడో గుంటలు కనబడకుండా లప్పం పూసి రంగు కొట్టాడు.

ఏప్రిల్ 20. హెయిర్ డ్రయర్‌తో వేడి చేయడం, చెక్క పుల్లతో గీకడం, మళ్ళీ రిమూవర్, మళ్ళీ పుల్ల. వైర్ బ్రష్ మెషీన్ పెడితే పది నిమిషాల పని, కానీ నంబర్ గాట్లు లోతుగా ఉండవు, లప్పంతోపాటే పోతాయి. నాలుగు గంటలు పట్టింది. మొదట బయటపడింది "బి" అక్షరం. స్పానిష్‌లో ఫ్రేమ్‌ని బాస్తిదోర్ అంటారు, ఆ బి. ఇంజిన్ మీద దాని బదులు ఎం ఉంటుంది, మోటార్ అని, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు రెండిటి అంకెలూ ఒకటే. గ్యారేజీలోంచి అరిచాను, మా ఆవిడ ఏ వేలో తెగిందనుకుని ప్లాస్టర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

బుల్టాకో నంబర్‌లో మొదటి అంకెలే మోడల్ చెప్తాయి. నాది 9తో మొదలైంది. రెండోది ఒకటో రెండో తెలియలేదు, తుప్పు సరిగ్గా ఆ అంకె కిందే తినేసింది. 91 అయితే 350 షెర్పా, పేరుకి 350 గానీ నిజానికి 326 సీసీ. 92 అయితే 250. రెండూ దాదాపు ఒకే కాలానివి, 70ల మొదట్లోవి. చీకట్లో టార్చి పక్కనుంచి వేసి చూశాను, సుద్దపొడి రుద్ది చూశాను, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది చూశాను. ఒక రాత్రి ఒకటి, మర్నాడు రెండు.

ఏప్రిల్ 22న ఒక ఓనర్స్ క్లబ్బులో పాత నంబర్లు చూసేవారికి ఎనిమిది ఫోటోలు పెట్టి మెయిల్ రాశాను. జవాబు మే 15న వచ్చింది, 23 రోజులు. ఆ పని చేసేది జీతం లేని ఒక్క మనిషి అని అందులోనే రాశారు, మధ్యలో నేను పంపిన రెండు గుర్తుచేసే మెయిళ్ళు తలుచుకుంటే సిగ్గేసింది. సలహా మాత్రం బంగారం. "తెలియని అంకెని విడిగా చూడకు, అదే నంబర్‌లో తెలిసిన అంకెతో పోల్చు. ఫ్యాక్టరీలో ఒకే పంచ్ సెట్టుతో కొడతారు."

నా నంబర్‌లో చివర్లో ఇంకో 2 ఉంది, స్పష్టంగా. మే 18న దాని మీద పెన్సిల్ కాగితం పెట్టి రుద్ది, ఆ ముక్క కత్తిరించి, అనుమానం అంకె మీద పెట్టాను. ఆ 2 కాలు వెడల్పుగా కుడివైపుకి చాచి ఉంది. నా అనుమానం అంకెకి కుడివైపు ఇనుము నున్నగా ఉంది, తుప్పు గుంట ఎడమవైపు మాత్రమే. పైన వంపు కూడా లేదు. నాలుగుసార్లు పెట్టి చూశాను, మా ఆవిణ్ణి పిలిచి ఏమీ చెప్పకుండా చూడమన్నాను. "ఒకటే కదండీ, దీనికింత సేపా?" అంది. 91.

ఖర్చు లెక్క అడిగారు కొందరు. ఫ్రేమ్ 85, గేజ్ 11, వెర్నియర్ 18, రిమూవర్ రెండు డబ్బాలు 28, భూతద్దం 6, బోల్టులు చిల్లరా కలిపి 5. మొత్తం 153 పౌండ్లు, కార్పెట్ కాకుండా.

నంబర్ ఉన్న చోట ఇప్పుడు రంగేమీ వేయలేదు, పల్చగా నూనె రాసి ఉంచాను. వచ్చే శనివారం ఒక షెర్పా ఇంజిన్ చూడటానికి స్కిప్టన్ వైపు వెళ్తున్నాను. దాని మీద ఎం తర్వాత 91 ఉందని అమ్మేవాడు ఫోన్లో అన్నాడు, మిగతా అంకెలు కలవ్వు, కలుస్తాయని ఆశ కూడా లేదు. 400 అడుగుతున్నాడు. ఈ విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాన్నకి చెప్పాను. కుడికాలి గేరు సంగతి కూడా నోరు జారాను, ఇక ఆపడం నా వల్ల కావట్లేదు: "నేను చెప్పలేదట్రా, అది బుల్లెట్టేనని."